సొరంగం మధ్యలో రైలు ఆగితే: చెన్నై మెట్రో భూగర్భ మార్గంపై నా రివ్యూ

చెన్నై మెట్రో మీద రివ్యూలు బోలెడు ఉన్నాయి. ఏసీ చల్లగా ఉంటుందని, స్టేషన్లు శుభ్రంగా ఉంటాయని, ఆటోవాళ్లతో బేరాలు తప్పుతాయని చాలామంది రాశారు. అవన్నీ నిజమే కాబట్టి మళ్ళీ రాయను. నేను రాసేది ఒకే ఒక్క విషయం మీద. నేల కింద, రెండు స్టేషన్ల మధ్య, సొరంగంలో రైలు ఆగిపోతే ఏం జరుగుతుంది, ఆ సమయానికి పనికొచ్చేవి ఈ సర్వీసులో ఏమేమి ఉన్నాయి, ఇంకా ఏమేమి రావాలి అని. నేను తండయార్‌పేటలో ఎక్కి తేనాంపేటలో దిగుతాను. ఎక్కే స్టేషను నేల కిందే, దిగేదీ నేల కిందే, మధ్యలో రైలు ఒక్కసారి కూడా ఎండ మొహం చూడదు. నాలాంటి వాళ్ళు ఈ మార్గంలో, అంటే బ్లూ లైన్‌లో, వేలమంది. మాకు ఈ ప్రశ్న కాలక్షేపానికి వేసుకునేది కాదు.

2025 డిసెంబర్ 2న తెల్లవారుజామున బ్లూ లైన్ రైలు ఒకటి సెంట్రల్‌కీ హైకోర్టుకీ మధ్య సొరంగంలో ఆగిపోయింది. వార్తల్లో చూసే ఉంటారు. సాంకేతిక లోపం వల్ల రైలు కదల్లేదు, కాసేపటికి హైకోర్టు స్టేషన్ దాకా నడిచి వెళ్ళమని ప్రయాణికులకు అనౌన్స్‌మెంట్ వచ్చింది, వాళ్ళు పెట్టెలోంచి దిగి సుమారు అరకిలోమీటరు సొరంగంలోనే వరసగా నడిచి బయటపడ్డారు. ఉదయం 6:20కి సర్వీసు మామూలుగా నడుస్తోందని మెట్రో సంస్థ ప్రకటించింది. ఇదీ జరిగింది. కానీ ఆ నడకను ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో మధ్యాహ్నానికల్లా నెల్లూరు దాకా పాకింది.

మా అమ్మ ఫోన్. "ఏమ్మా, నువ్వు ఎక్కేది గూడా అదే రైలంట గదా? ఇంక బస్సులో పోమ్మా." అమ్మకు నేల కింద రైలంటే మొదటినుంచీ నమ్మకం లేదు. 2017 ఏప్రిల్‌లో అన్నా సాలై మీద సొరంగం తవ్వుతున్న చోట రోడ్డు కుంగిపోయి సిటీ బస్సూ కారూ గుంతలోకి దిగబడిపోయిన ఫొటో ఆవిడ మనసులోంచి ఇంకా పోలేదు. అది తవ్వేటప్పుడు జరిగింది, ఇది నడిచే రైలు, రెండూ వేరమ్మా అని నేను అంటే వింటుందా? వినదు. వినకపోవడం తప్పని కూడా నేను అనను. నేల కింద ఇరుక్కోవడం అన్న మాటకే మనిషి గుండెల్లో ఒక భయం ఉంటుంది, లెక్కలు చెప్తే పోయేది కాదు అది. అందుకే అమ్మకు చెప్పడానికైనా ఈ విషయం సరిగ్గా తెలుసుకుందామని పట్టుకున్నాను. ఆఫీసులో ఎలక్ట్రికల్ పని తెలిసిన సీనియర్‌ని అడిగాను, సెంట్రల్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర నిలబడి అడిగాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి విసుక్కోకుండా, వెనక లైను పెరుగుతున్నా, తమిళంలో నిదానంగా చెప్పింది. ఆ ఓపికకు ఈ రివ్యూలో మొదటి మార్కు.

ముందు సొరంగం సంగతి. చాలామంది ఒకే పెద్ద గుహలో అటో రైలు ఇటో రైలు పోతాయనుకుంటారు. యంత్రంతో తవ్విన చోట్ల అలా ఉండదు, పోయే రైలుకు ఒక గొట్టం, వచ్చే రైలుకు ఇంకో గొట్టం, పక్కపక్కనే. కాబట్టి మీ రైలు ఆగి మీరు దిగాల్సి వస్తే ఎదురుగా ఇంకో రైలు దూసుకొస్తుందన్న భయం ఆ గొట్టంలో లేదు. వెనక వచ్చే రైళ్ళను సిగ్నలింగ్ వ్యవస్థే దూరంగా ఆపేస్తుంది. గొట్టం గోడ పొడుగునా, దాదాపు పెట్టె నేల ఎత్తులో, సన్నటి నడకదారి ఉంటుంది, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంటుంది. రైలు కిటికీలోంచి జాగ్రత్తగా చూస్తే స్టేషన్ దాటగానే అది కనిపిస్తుంది కూడా. ఇద్దరు పక్కపక్కన నడిచే వెడల్పు కాదు, ఒకరి వెనక ఒకరు పోవాల్సిందే. రెండు గొట్టాల మధ్య అక్కడక్కడా అడ్డదారులు ఉంటాయి. ప్రపంచంలో చాలా మెట్రోలు అనుసరించే అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం ప్రకారం బయటికి పోయే మెట్లకు బదులుగా ఈ అడ్డదారులను వాడుకుంటే, వాటి మధ్య దూరం 244 మీటర్లకు మించకూడదు. ఒక గొట్టంలో పొగ వస్తే జనాన్ని అడ్డదారిలోంచి పక్క గొట్టంలోకి మళ్ళించి, అవసరమైతే అక్కడికి ఇంకో రైలు తెచ్చి ఎక్కించుకుపోవచ్చు. ఇది నాకు తెలిసినప్పుడు సగం భయం పోయింది, నిజంగా.

గాలి గురించి. ఇదే అందరి మొదటి ప్రశ్న. కరెంట్ పోతే ఊపిరాడక చచ్చిపోతామా అని అమ్మ కూడా అదే అడిగింది. రైలుకు పైనున్న తీగలోంచి 25 వేల వోల్టుల కరెంటు వస్తుంది, అది పోతే ఏసీ ఆగిపోతుంది, ఎందుకంటే ఏసీని బ్యాటరీ మీద నడపడం అయ్యే పని కాదు. కానీ పెట్టె కింద ఉండే బ్యాటరీలతో ఎమర్జెన్సీ లైట్లు, కాస్త గాలి ఆడించే ఫ్యాన్లు, అనౌన్స్‌మెంట్ మైకు కొంతసేపు పనిచేస్తాయి. సొరంగంలో గాలి ఆడించే భారీ ఫ్యాన్లు వేరే, అవి స్టేషన్ల చివర్లలో ఉంటాయి, వాటికి కరెంటు రైలు తీగలోంచి రాదు. కాబట్టి రైలుకు కరెంట్ పోయినంత మాత్రాన సొరంగంలో గాలి ఆగదు. ఆ ఫ్యాన్లకు ఇంకో పని ఉంది. పొగ వచ్చినప్పుడు ఒకవైపు నుంచి మంచి గాలిని నెట్టి, రెండోవైపు నుంచి పొగను లాగేస్తాయి. అందుకే సిబ్బంది ఏ వైపు నడవమంటే ఆ వైపే నడవాలి, దగ్గరగా ఏదో వెలుగు కనిపించిందని సొంతంగా రెండోవైపు పోతే పొగలోకే పోయినట్టు కావచ్చు.

మరి ఉక్కపోత? అది తప్పదు. చెన్నై ఉక్క తెలిసిందే, సాయంత్రం ఆరున్నరకు నిండుగా ఉన్న పెట్టెలో ఏసీ ఆగితే అయిదు నిమిషాల్లో ఒళ్ళంతా తడిసిపోతుంది. ఊపిరి అందుతున్నా అందడం లేదనిపిస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకు, బీపీ ఉన్న పెద్దవాళ్ళకు, చంటిపిల్లలున్న తల్లులకు అది చాలా కష్టం. ప్రమాదం లేదు కదా అని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే నాకు కోపం వస్తుంది. ప్రమాదం లేకపోయినా భయం ఉంటుంది, ఆ భయంలో మనుషులు చేసే పనుల వల్ల ప్రమాదం వస్తుంది.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు మాట. రైలు ఆగడం ఒక్కటే అయితే నేను ఒక్క మార్కు కూడా తగ్గించను. యంత్రం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది, లండన్‌లో ఆగుతుంది, టోక్యోలో ఆగుతుంది. ఆగిన తర్వాత మొదటి రెండు మూడు నిమిషాల్లో ఒక మనిషి గొంతు వినిపించిందా లేదా, మళ్ళీ మళ్ళీ వినిపించిందా, ఆ గొంతు చెప్పింది లోపల ఉన్నవాళ్ళకు అర్థమైందా, భూగర్భ మెట్రోకి పరీక్ష అంతా అక్కడే. "సాంకేతిక సమస్య, రైలు ఆగింది, మంటలు లేవు, తలుపులు తెరవకండి, పది నిమిషాల్లో మళ్ళీ చెప్తాం" అని ఒక్క ముక్క చెప్తే నిండు పెట్టె నిమ్మళిస్తుంది. ఏమీ చెప్పకపోతే అయిదో నిమిషానికి ఎవరో ఒకరు అద్దం మీద కొట్టడం మొదలుపెడతారు.

ఇది నా ఊహ కాదు. 2018 డిసెంబర్ 27న కోల్‌కతా మెట్రోలో రవీంద్ర సదన్‌కీ మైదాన్‌కీ మధ్య సొరంగంలో ఒక ఏసీ రైలుకు నిప్పంటుకుని ఆగిపోయింది, పెట్టెలోకి పొగ వచ్చింది, సాయంత్రం పూట, నిండుగా జనం. లోపలివాళ్ళు కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకారు, పొగకు కొందరు ఆస్పత్రి పాలయ్యారు. తర్వాత బయటికి వచ్చినవాళ్ళు పత్రికలవాళ్లతో గట్టిగా చెప్పిన మాటల్లో ఒకటి, తమకు ఎవరూ ఏమీ చెప్పలేదని. 1984లో దేశంలోనే మొదటి మెట్రో నడిపిన ఊరు అది, అనుభవం లేక కాదు. అలాగే సింగపూర్, 2011 డిసెంబర్ 15. అక్కడ పట్టాల పక్కన ఉండే కరెంటు పట్టీ జారిపోయి కొన్ని రైళ్ళు సొరంగాల్లోనే నిలిచిపోయాయి. ఒక రైల్లో లైట్లు పోయి, గాలి ఆగి, జనం తట్టుకోలేక మంటలార్పే సిలిండర్‌తో కిటికీ అద్దం బద్దలుకొట్టారు. రెండు రోజులకే, 17న మళ్ళీ రైళ్ళు ఆగాయి. అక్కడి ప్రభుత్వం విచారణ సంఘం వేసి, నడిపే సంస్థకు పెద్ద జరిమానా వేసింది. సింగపూర్ అంటే మనం ఎంతో గొప్పగా చెప్పుకునే ఊరు. అక్కడి మనుషులూ చీకట్లో, గాలి లేకుండా, ఏం జరుగుతోందో తెలియకుండా నిలబడితే అదే పని చేశారు.

వీటితో పోలిస్తే డిసెంబర్ 2న చెన్నైలో జరిగింది చాలా మెరుగు. పొగ లేదు, తొక్కిసలాట లేదు, అద్దాలు పగలలేదు, నడవమని చెప్పారు, నడిచారు, ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లవారుజాము కాబట్టి జనం తక్కువ, అదీ కలిసొచ్చింది. అదే సాయంత్రం ఆరున్నరకు, హైకోర్టు నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళు, పక్కనే ప్యారిస్ కార్నర్ బజారులో సామాను కొనుక్కుని బస్తాలతో ఎక్కేవాళ్ళు నిండుగా ఉన్నప్పుడు అదే సన్నటి దారిలో ఒకరి వెనక ఒకరు నడవాలంటే ఎంతసేపు పడుతుందో ఆలోచించండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముందుంటే వెనకవాళ్ళంతా ఆ నడకే నడవాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళను ఎలా తీసుకుపోతారు? ఈ ప్రశ్న దేశంలో ప్రతి మెట్రో సంస్థా జనం ముందే జవాబు చెప్పాల్సిన ప్రశ్న. లోపల వాళ్ళకు ప్రణాళికలు ఉంటాయి, ప్రతి కొత్త మార్గాన్నీ మెట్రో రైలు భద్రతా కమిషనర్ వచ్చి పరీక్షించి ఒప్పుకుంటేనే జనాన్ని ఎక్కిస్తారు. కానీ ప్రణాళిక వాళ్ళ ఫైల్లో ఉంటే చాలదు, నడవాల్సింది మేము కాబట్టి అది మా బుర్రలో కూడా ఉండాలి.

తలుపుల సంగతి ఒకటి చెప్పి తీరాలి. 2003 ఫిబ్రవరి 18న దక్షిణ కొరియాలో దేగు అనే ఊళ్ళో భూగర్భ స్టేషన్‌లో ఒకడు రైలుకు నిప్పుపెట్టాడు. 192 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మంట మొదలైన రైల్లోవాళ్ళు కారు, పక్కన వచ్చి ఆగిన రెండో రైల్లోవాళ్ళు. ఆ రైలు డ్రైవర్ ముందు అందరినీ కూర్చోమని చెప్పాడు, తర్వాత రైలు తాళంచెవి పట్టుకుని తప్పించుకున్నాడు, తాళంచెవి లాగేయడంతో తలుపులు మూసుకుపోయాయి. చేత్తో తలుపు ఎలా తెరవాలో లోపలివాళ్ళలో చాలామందికి తెలియదు. ఇది చదివాక రెండు రోజులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆధునిక రైళ్ళలో తలుపు పక్కన ఎమర్జెన్సీ హ్యాండిల్ ఉండటం వెనక ఇలాంటి చావులున్నాయి. అది ఆడుకోవడానికి కాదు, ఉత్తప్పుడు లాగితే రైలు ఆగిపోయి వందలమంది ఇబ్బంది పడతారు, చట్టప్రకారం శిక్ష కూడా ఉంది. కానీ అది ఎక్కడుందో, ఎలా పనిచేస్తుందో ఎక్కిన ప్రతివాడికీ తెలిసి ఉండాలి. మీరు రోజూ ఎక్కే పెట్టెలో అది ఏ పక్కన ఉందో ఇప్పుడు చెప్పగలరా? మా ఆఫీసులో అడిగితే ఒక్కరు కూడా చెప్పలేకపోయారు.

భాష. ఇది మన తెలుగువాళ్ళకు ముఖ్యమైన ముక్క కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. సెంట్రల్ మెట్రోలో పగటిపూట ఓ పావుగంట నిలబడి చూడండి, ఎంత తెలుగు వినిపిస్తుందో. పినాకిని దిగి వచ్చేవాళ్ళు, గూడూరు, సూళ్ళూరుపేట లోకల్ దిగి వచ్చేవాళ్ళు, రోడ్డుకు అటువైపు జనరల్ ఆస్పత్రికి పోయేవాళ్ళు, గ్రీమ్స్ రోడ్డు ఆస్పత్రులకని థౌజండ్ లైట్స్ టికెట్ తీసేవాళ్ళు. చేతిలో స్కానింగ్ కవర్లు, సంచిలో అన్నం గిన్నె, మొహంలో టెన్షన్. వీళ్ళలో సగంమందికి తమిళం రాదు, ఇంగ్లీషు రాదు. రైల్లో అనౌన్స్‌మెంట్లు తమిళంలో, ఇంగ్లీషులో వస్తాయి. అది తమిళుల ఊరు, వాళ్ళ భాషే మొదట ఉండాలి, అందులో నాకు ఏ పేచీ లేదు, తెలుగులో కూడా చెప్పాల్సిందే అని పట్టుబట్టడం న్యాయం కాదు. కానీ సొరంగంలో రైలు ఆగిన సమయంలో చెప్పే నాలుగు ముక్కలు, "భయపడకండి, దిగకండి, తలుపు ముట్టుకోకండి, సిబ్బంది చెప్పినప్పుడే నడవండి" అన్నవి ముందే రికార్డు చేసి తెలుగులో, హిందీలో కూడా పెట్టుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. అదీ కష్టమైతే తలుపు మీద బొమ్మలతో చూపించండి, నడిచే మనిషి బొమ్మ, దూకే మనిషి మీద ఎర్ర గీత. బొమ్మకు భాష అక్కర్లేదు.

అంతవరకూ ఆ పని మనమే చేయాలి. మీకు తమిళం వస్తే, పక్కన ఉన్న పెద్దావిడకు రాదని తెలిస్తే, అనౌన్స్‌మెంట్ వచ్చిన వెంటనే గట్టిగా తెలుగులో చెప్పండి. సిగ్గుపడకండి. మీరు చెప్పే ఒక్క వాక్యం ఆవిడ ఒక్కరికే కాదు, ఆ మూల ఉన్న పదిమందికీ పనికొస్తుంది.

బెంగళూరులో మా తమ్ముడు ఉంటాడు, వాడితో ఈ మాటలన్నీ చెప్తుంటే ఒక తేడా బయటపడింది, అటూ ఇటూ తిరిగేవాళ్ళ కోసం రాస్తున్నాను. చెన్నైలో కరెంటు నెత్తిమీద తీగలో ఉంటుంది. బెంగళూరు నమ్మ మెట్రోలో అలా కాదు, పట్టాల పక్కనే కింద నడిచే మూడో పట్టీలో 750 వోల్టుల కరెంటు ఉంటుంది. మెజెస్టిక్, విధానసౌధ, కబ్బన్ పార్కు వైపు భూగర్భంలోనూ అంతే. రైలు ఆగిందని అక్కడ సొంతంగా పట్టాల మీదికి దిగితే, కరెంటు ఆపారో లేదో తెలియకుండా ఆ పట్టీ మీద కాలు పడితే మనిషి మిగలడు. చెన్నైలో తీగ పైన ఉంది కదా అని దిగొచ్చా అంటే అదీ కాదు, తెగి వేలాడే తీగ కూడా చంపుతుంది, పైగా అనుమతి లేకుండా మెట్రో ట్రాక్ మీద నడవడం 2002 మెట్రో చట్టం ప్రకారం నేరం. సిబ్బంది దింపితే దిగడం వేరు. ఆ తేడా పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఆగినప్పుడు ఏం చేయాలని ఆ కౌంటర్ అమ్మాయిని అడిగితే చెప్పిందీ, మా సీనియర్ చెప్పిందీ కలిపి రాస్తున్నాను. తలుపుల దగ్గర ఎమర్జెన్సీ బటన్, మాట్లాడే స్పీకర్ ఉంటాయి, అది నొక్కితే డ్రైవర్‌తో మాట్లాడవచ్చు, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఏ పెట్టెలో ఉన్నారో చెప్పండి, కానీ అందరూ ఒకేసారి నొక్కకండి, ఒకరు మాట్లాడితే చాలు. పెట్టెలన్నీ లోపలే కలిసి ఉంటాయి కాబట్టి ఒక పెట్టె నిండుగా ఉండి పక్కది ఖాళీగా ఉంటే అటు జరగండి, గాలి కోసం అదే మంచి పని. ఫోన్‌లో వీడియోలు తీసి చార్జింగ్ తగలెయ్యకండి, ఆ చార్జింగే తర్వాత మీకు టార్చిలైటు. సొరంగంలో సిగ్నల్ ఉంటుందని నమ్ముకోకండి, ఇంట్లోవాళ్ళకు ఫోన్ కలవకపోతే కంగారు పడొద్దు. దిగి నడవమంటే సామాను పెద్దదైతే అక్కడే వదిలెయ్యండి, ఆ సన్నటి దారిలో మీ సూట్‌కేసు వెనక వందమంది ఆగిపోతారు. షుగర్ ఉన్నవాళ్ళు సంచిలో ఏదైనా బిస్కెట్ ముక్క, అందరూ ఒక నీళ్ళ బాటిల్ పెట్టుకోండి. హీల్స్ వేసుకునే ఆడపిల్లలు దిగే ముందే విప్పి చేత్తో పట్టుకోండి.

ఇక ఈ సర్వీసులో నాకు నిజంగా నచ్చినవి. భూగర్భ స్టేషన్లన్నిటిలో ప్లాట్‌ఫాం అంచున నిలువెత్తు గాజు తలుపులు ఉన్నాయి, రైలు వచ్చి ఆగితేనే తెరుచుకుంటాయి. పట్టాల మీద ఎవరో పడిపోయి రైలు సొరంగంలో నిలిచిపోవడమన్న కారణం దాదాపు లేకుండా పోయింది. దిల్లీ, కోల్‌కతా పాత స్టేషన్లు చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. రైళ్ళు కూడా మంచివి. మొదటి దశకు తీసుకున్న 42 రైళ్ళలో తొమ్మిది బ్రెజిల్ నుంచి వచ్చాయి, మిగతా 33 మన తడ పక్కన శ్రీసిటీలో తయారయ్యాయి. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన పిల్లలు మా ఊరి చుట్టుపక్కల ఉన్నారు. ఆ రైలు చెడిపోయిందని వార్త వస్తే వాళ్ళకు ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు, అది ఎలాగైనా బాగుండాలని కోరుకునేవాళ్ళలో నేను ఒకదాన్ని.

రెండో దశ గురించి మాత్రం ఇప్పుడే గట్టిగా అడగాలి. దాదాపు 119 కిలోమీటర్లు, మూడు మార్గాలు, అందులో మూడో వంతుకు పైగా నేల కిందే, పైగా డ్రైవర్ లేకుండా నడిచేలా తయారు చేస్తున్న రైళ్ళు. డ్రైవర్ లేకపోతే రైలు నడవదని నేను భయపడటం లేదు, ప్రపంచంలో ఎన్నో ఊళ్ళలో నడుస్తున్నాయి, దిల్లీలోనూ నడుస్తున్నాయి. నా ప్రశ్న వేరే. రైలు సొరంగంలో ఆగినప్పుడు ఇప్పుడైతే లోపల ఒక మనిషి ఉన్నాడు. కేబిన్ తలుపు తెరుచుకుని బయటికి వస్తాడు, మొహం కనిపిస్తుంది, "రండమ్మా ఇటు" అంటాడు. రేపు ఆ మనిషి ఉండడు, ఎక్కడో కంట్రోల్ రూమ్‌లోంచి గొంతు మాత్రమే వస్తుంది. ఆ గొంతు ఆలస్యమైతే? స్పీకరే చెడిపోతే? కనీసం భూగర్భ మార్గాల్లోనైనా ప్రతి రైల్లో శిక్షణ ఉన్న ఒక మనిషి తిరుగుతూ ఉండాలి, రైలు నడపడానికి కాదు, ఆగినప్పుడు మాట్లాడటానికి. జీతం దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో కోరిక ఉంది. ఆర్నెల్లకోసారి ఒక ఆదివారం, జనం తక్కువున్న వేళ, ఇష్టమున్న ప్రయాణికులను పిలిచి నిజంగానే సొరంగంలో రైలు ఆపి దింపి నడిపించి చూపించాలి. విమానంలో ఎక్కిన ప్రతిసారీ తలుపులెక్కడో చూపిస్తారు, నేల కింద రోజూ తిరిగేవాళ్ళకు ఒక్కసారైనా చూపించొద్దా? పిలిస్తే నేను మొదటి వరసలో ఉంటాను, మా అమ్మను కూడా తీసుకొస్తాను. ఒక్కసారి ఆ దారిలో నడిచి హైకోర్టు మెట్లెక్కి బయటికొస్తే ఆవిడ భయం పోతుందని నా నమ్మకం.

మార్కులు అయిదుకి నాలుగు. గాజు తలుపులకు, సొరంగం కట్టిన తీరుకు, అడిగితే విసుక్కోకుండా చెప్పే సిబ్బందికి, ఆగిన రోజున ఎవరికీ దెబ్బ తగలకుండా బయటికి తెచ్చినందుకు. తగ్గించిన ఆ ఒక్కటీ ఆగినప్పుడు ఏం చేయాలో ఎక్కకముందే మాకు నేర్పించనందుకు, ఇది చెన్నై ఒక్కదాని లోటు కాదు, దేశంలో అన్ని మెట్రోలకూ ఇదే మాట చెప్తాను.

వచ్చే నెల అమ్మకు కంటి చూపు పరీక్ష ఉంది, సెంట్రల్‌లో దింపించుకుని థౌజండ్ లైట్స్ దాకా మెట్రోలోనే తీసుకెళ్తాను, ఒప్పించాను. మీ వాళ్ళను కూడా ఒంటరిగా పంపాల్సి వస్తే చెన్నై మెట్రో కస్టమర్ కేర్ నంబరు 1860 425 1515 వాళ్ళ ఫోన్లో ముందే ఎక్కించండి, దిగాల్సిన స్టేషన్ పేరు తమిళంలో, ఇంగ్లీషులో కాగితం మీద రాసి చేతికివ్వండి, ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో ఒకసారి మీరే వెంట వెళ్ళి చూపించండి.